కంచెలో నాలుగు జన్మలు

నందివర్ధనం చిగుళ్లు రెండు రాత్రుల్లో మాయమయ్యాయా? కింద నల్లటి పెంటికలు రాలాయా? మందు పంపు తెచ్చేలోపు ఒక్కసారి ఆకుల అడుగున చూడండి. మన కంచెల్లోనే పుట్టి, పెరిగి, ఎగిరిపోయే గన్నేరు హాక్ మాత్ బతుకు కథ ఇది.

వానలు పడి కంచె మొక్కలు కొత్త చిగురు వేశాక చాలా అపార్ట్‌మెంట్లలో ఒకే మాట వినిపిస్తుంది. "మేడమ్, నందివర్ధనానికి పురుగు పట్టింది. మందు కొట్టమంటారా?" తోటమాలి చూపించిన చోట కొమ్మల చివర్లు బోడిగా ఉంటాయి. కొన్ని ఆకులకు నడిమి ఈనె మాత్రమే మిగిలి ఉంటుంది. కింద సిమెంటు గట్టు మీద పెంటికలు రాలి ఉంటాయి. వంగి వెతికితే చూపుడు వేలంత పచ్చటి గొంగళి కనిపిస్తుంది. కొమ్మ కదిపామా, తల లోపలికి ముడుచుకుని రెండు నీలి కళ్లతో మనవైపే గుడ్లురుముతున్నట్టు ఉంటుంది. మామూలుగా కథ అక్కడితో అయిపోతుంది. సాయంత్రానికి మందు పడుతుంది. మర్నాటికి పురుగు రాలుతుంది.

అదే అపార్ట్‌మెంటులో ఏదో ఒక రాత్రి వరండా గోడ మీద ఆకుపచ్చ, గులాబీ, తెలుపు కలగలిసిన పెద్ద రెక్కల పురుగు వాలుతుంది. పిల్లలు పోగవుతారు. ఫోన్లు బయటికొస్తాయి. "ఎంత బాగుందో! ఇదేం సీతాకోకచిలుకండీ?" అంటూ ఫొటో వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. మందు కొట్టించి చంపిన గొంగళి, అందరూ మురిసిపోయిన ఈ రెక్కల పురుగు ఒకే జాతి ప్రాణులని ఆ గ్రూపులో చెప్పేవాళ్లు అరుదు.

ఈ ప్రాణిని నిజంగా పోల్చుకోవాలంటే దాని ఒక్క ఫొటో చాలదు. గుడ్డు, గొంగళి, ప్యూపా, రెక్కల పురుగు అనే నాలుగు రూపాలూ తెలియాలి. అది ఏ మొక్కను నమ్ముకుని బతుకుతుందో తెలియాలి. ఆ ఎరుక ఉంటే కంచెను ఎలా చూసుకోవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

మనమే వేసిన విస్తరి

ఇది సీతాకోకచిలుక కాదు, దాని చుట్టమైన మాత్. దీని పేరు ఒలియాండర్ హాక్ మాత్. శాస్త్రీయ నామం డాఫ్నిస్ నెరీ. గన్నేరు ఆకు దీనికి ఇష్టమైన మేత కాబట్టి మనం గన్నేరు హాక్ మాత్ అనుకుందాం. స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1758లో జంతువులన్నిటికీ రెండు పదాల పేర్లు పెడుతూ వెలువరించిన గ్రంథంలోనే దీనికి చోటు దక్కింది. ఆఫ్రికా, దక్షిణాసియా దీని సొంత నేల. వేసవిలో ఐరోపాలోకి వలస వెళ్తుంది కానీ అక్కడి చలికాలాన్ని తట్టుకోలేదు. మన దగ్గర ఆ ఇబ్బంది లేదు. చలి అంత గట్టిగా ఉండదు, ఆకు ఏడాది పొడవునా దొరుకుతుంది. అందుకే తరం వెంట తరం సాగిపోతూనే ఉంటుంది.

మన ఊళ్లలో దీనికి లోటు లేకుండా చూస్తున్నది మనమే. జాతీయ రహదారుల డివైడర్ల మీద వరుసగా కనిపించే గులాబీ, తెలుపు పూల మొక్కల్లో గన్నేరు ఒకటి. నీళ్లు తక్కువైనా బతుకుతుంది, పశువులు ముట్టవు, ఎదురు వాహనాల లైట్లు కళ్లలో పడకుండా అడ్డుకుంటుంది. పూజకు పూలిచ్చే నందివర్ధనం లేని పాత ఇల్లు తక్కువ. ఇప్పుడు దాని పొట్టి రకాన్ని పార్కుల్లో, గేటెడ్ కమ్యూనిటీల్లో బారులు బారులుగా కంచె కడుతున్నారు. గోడ పగుళ్లలోనూ మొలిచే బిళ్లగన్నేరు సంగతి చెప్పనక్కర్లేదు. ఈ మూడూ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. మూడూ ఈ గొంగళికి ఆహారమే. అందం కోసం, నీడ కోసం, దేవుడి కోసం మనం నాటుకున్న కంచె దానికి నిండు విస్తరి.

పోల్చుకునే గుర్తులు

రెక్కలు విప్పితే ఈ చివరి నుంచి ఆ చివరికి 9 నుంచి 11 సెంటీమీటర్లు ఉంటుంది. ఒళ్లు లావు, ముందు రెక్కలు సన్నగా, పొడుగ్గా, కొనదేరి ఉంటాయి. వాలినప్పుడు రెక్కలను నిలువుగా మూయదు, పక్కలకు చాచి త్రికోణంగా పరుస్తుంది. ముందు రెక్కల మీద ముదురు ఆకుపచ్చ, లేత ఆకుపచ్చ, గులాబీ, తెలుపు రంగులు వంకర పట్టీలుగా అల్లుకుని ఉంటాయి. రెక్క మొదట్లో, భుజం దగ్గర, చిన్న లేత రంగు మచ్చ, దాని మధ్యలో ముదురు చుక్క ఉంటాయి. వెనక రెక్కలు బూడిద గోధుమ రంగులో సాదాగా ఉంటాయి, వాలినప్పుడు బయటికి కనిపించవు. తెల్లటి గోడ మీద ఈ రంగులన్నీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి కానీ ఆకుల గుబురులో వాలితే రెండడుగుల దూరం నుంచి కూడా ఆనవు.

మనల్ని తికమక పెట్టే దీని దగ్గరి చుట్టం ఒకటుంది, డాఫ్నిస్ హైపోథస్. అది మరింత ముదురు ఆకుపచ్చగా ఉంటుంది, ముందు రెక్క కొసన చిన్న తెల్ల చుక్క ఉంటుంది. దాని గొంగళికి నీలి కళ్లు ఉండవు. కదంబం లాంటి వేరే కుటుంబపు చెట్లను తింటుంది. అందుకే రెక్కల పురుగు ఫొటో కన్నా గొంగళి ఫొటో, అది తింటున్న ఆకు ఫొటో ఎక్కువ సాక్ష్యం ఇస్తాయి. కార్వార్‌లో స్థిరపడిన అటవీ అధికారి టి.ఆర్.డి. బెల్ ఈ సంగతి బాగా ఎరిగినవాడు. గొంగళులను తెచ్చి, ఆకు పెట్టి, రెక్కలొచ్చేదాకా పెంచి రాసుకున్నాడు. ఎఫ్.బి. స్కాట్‌తో కలిసి ఆయన రాసిన హాక్ మాత్‌ల సంపుటం 'ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా' వరుసలో 1937లో వెలువడింది. ఈ జాతుల గొంగళుల గురించి వెతికే భారతీయ పరిశీలకులు నేటికీ ఆ పుస్తకం తెరుస్తారు.

మొదటి జన్మ: గుడ్డు

చీకటి పడ్డాక తల్లి పురుగు కంచె చుట్టూ తిరుగుతుంది. ముదురు ఆకులను వదిలేసి లేత చిగుళ్లను వెతుక్కుంటుంది. ఒక్కో ఆకు మీద ఒక్కో గుడ్డు అతికించి సాగిపోతుంది. గుడ్డు లేత ఆకుపచ్చ, గుండ్రన, మిల్లీమీటరున్నర మాత్రమే. కుప్పగా పెట్టకపోవడంలో లాభముంది. చీమకో, గుడ్లలో గుడ్లు పెట్టే బుల్లి కందిరీగకో ఒకటి దొరికినా మిగతావి తప్పించుకుంటాయి. పుట్టిన పిల్లలు ఒకే చిగురు కోసం పోటీ పడనక్కర్లేదు.

వెచ్చటి రోజుల్లో నాలుగైదు రోజుల్లోనే గుడ్డు పగులుతుంది. బయటికొచ్చే పిల్ల మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవుంటుంది. నిండు పసుపు రంగు, వెనక తోక మీద నల్లటి సన్నని కొమ్ము. ఒంటితో పోలిస్తే ఆ కొమ్ము పొడవు ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆకు తినడం మొదలుపెట్టాక పసుపు పోయి పచ్చదనం వస్తుంది.

రెండో జన్మ: గొంగళి

గొంగళికి ఉన్న పని ఒక్కటే, తినడం. చర్మం సాగదు కాబట్టి ఒళ్లు పెరిగినప్పుడల్లా పాత తోలు విడిచి కొత్తది తొడుక్కోవాలి. గన్నేరు హాక్ మాత్ నాలుగుసార్లు తోలు మార్చి ఐదు దశలు దాటుతుంది. హాక్ మాత్‌ల కుటుంబంలో ఎక్కువగా అధ్యయనం జరిగిన అమెరికా పొగాకు హాక్ మాత్ గొంగళి మూడు వారాలు తిరగకుండానే పుట్టినప్పటి బరువుకు దాదాపు పది వేల రెట్లు పెరుగుతుంది. ఆ మేతలో సింహభాగం ఆఖరి దశలోనే జరుగుతుంది. మన కంచెలోనూ అంతే. మొదటి పది రోజులు పురుగున్న సంగతే తెలియదు. ఆఖరి నాలుగైదు రోజుల్లో కొమ్మలు బోడి అవుతాయి. "నిన్నటిదాకా బాగానే ఉందండీ" అని తోటమాలి అనడం అబద్ధం కాదు.

పూర్తిగా ఎదిగిన గొంగళి ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర సెంటీమీటర్లు ఉంటుంది. లేత ఆకుపచ్చ ఒంటి మీద రెండు పక్కలా తెల్లటి గీత, దాని చుట్టూ చల్లిన సన్నని తెల్ల చుక్కలు. చిన్నప్పటి పొడవాటి నల్ల కొమ్ము ఇప్పుడు పసుపు నారింజ కలిసిన పొట్టి కొమ్ముగా మారి ఉంటుంది. ఆ కొమ్ము మెత్తన, కుట్టదు, విషం లేదు. ఒంటి మీద దురద పుట్టించే వెంట్రుకలూ ఉండవు. తల వెనక, ఎద మీద, నల్లటి అంచు గీసిన రెండు నీలి తెలుపు మచ్చలే దీని అసలు గుర్తు.

అవి కళ్లు కావు. నిజమైన కళ్లు తల పక్కల చుక్కలంత ఉంటాయి. బెదిరినప్పుడు గొంగళి తల కిందికి వంచి ఎదను ఉబ్బిస్తుంది. ముడతల్లో సగం దాగిన మచ్చలు అప్పుడు పూర్తిగా విచ్చుకుంటాయి. ఆకుల మధ్య ఎదురుగా హఠాత్తుగా పాము తల కనబడ్డట్టవుతుంది. ఈ బెదిరింపు పనిచేస్తుందా లేదా అని కెనడా శాస్త్రవేత్తలు పరీక్షించారు. పిండితో నకిలీ గొంగళులు చేసి, కొన్నిటికి కళ్లు దిద్ది, చెట్లకు తగిలించి పక్షులు ఎన్నిటిని పొడిచాయో లెక్కగట్టారు. కళ్ల మచ్చలు, ఎద ఉబ్బించే భంగిమ గొంగళికి రక్షణనిస్తాయని తేలింది. మన కంచెలో కూడా ఆ అర క్షణం తటపటాయింపు చాలు. గోరింక వెనక్కి తగ్గితే గొంగళికి మరో రోజు దక్కినట్టే.

విషం తిని విషం దాచుకోదు

గన్నేరు విషమని తెలుగునాట చిన్నపిల్లలకు కూడా చెప్పి పెంచుతాం. ఆకు, కొమ్మ, వేరు అన్నిటిలోనూ గుండెను దెబ్బతీసే గ్లైకోసైడ్లు ఉంటాయి, ఒలియాండ్రిన్ వాటిలో ముఖ్యమైనది. మన కణాల పొరల్లో సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి పంపే ప్రొటీన్ పంపు ఒకటి నిరంతరం పనిచేస్తుంటుంది. నాడులు, గుండె కండరాలు దాని మీదే ఆధారపడతాయి. గన్నేరు విషం నేరుగా వెళ్లి ఆ పంపును పట్టేస్తుంది. గుండె లయ తప్పుతుంది. అలాంటి ఆకులను ఈ గొంగళి పొద్దస్తమానం తిని ఎలా బతుకుతోంది?

ఇలాంటి విషపు మొక్కలు తినే కీటకాల్లో కొన్ని తమ పంపునే మార్చుకున్నాయి. అమెరికాలోని మోనార్క్ సీతాకోకచిలుక పంపులో చిన్న జన్యు మార్పు వల్ల విషం దానికి అతుక్కోలేదు. గన్నేరు హాక్ మాత్‌లోనూ అదే జరిగి ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. 2009లో జర్మనీ శాస్త్రవేత్తలు గెయార్గ్ పెట్షెంకా, సుసానే డోబ్లర్ పరీక్షించి చూస్తే ఫలితం తలకిందులుగా వచ్చింది. ఈ పురుగు పంపు విషానికి బాగా లొంగిపోయే రకమే. ఆ తర్వాత 2013లో వెలువడ్డ పరిశోధన మరో ముడి విప్పింది. నాడీ తంతువులను కప్పి ఉంచే పొరే అడ్డుగోడగా నిలిచి విషాన్ని లోపలి పంపుల దాకా పోనివ్వడం లేదు. ఆయువుపట్టు బలహీనమైనదే, దాని చుట్టూ కాపలా గట్టిది.

ఇక్కడే దీని రంగు రహస్యం కూడా ఉంది. జిల్లేడు తిని పెరిగే ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. తనను తింటే వాంతి తప్పదని పక్షులకు తెలియాలి కాబట్టి నారింజ, నలుపు రంగులేసుకుని పట్టపగలు నింపాదిగా ఎగురుతుంది. మన గొంగళి విషాన్ని దాచుకోదు. దాన్ని పట్టిన పక్షికి అది మంచి భోజనమే. అందుకే ఒకటికి ఆర్భాటం కావాలి, మరొకదానికి ఆకుల్లో కలిసిపోయే పచ్చదనం, పాము కళ్ల బెదిరింపు కావాలి. రెండూ విషపు ఆకులు తిన్నవే. విషాన్ని ఏం చేసుకున్నాయన్న దాన్ని బట్టి వాటి వేషాలు మారిపోయాయి.

బిళ్లగన్నేరు సంగతి వేరు. క్యాన్సర్ చికిత్సలో వాడే విన్‌క్రిస్టీన్, విన్‌బ్లాస్టీన్ మందులు వచ్చింది ఆ మొక్క నుంచే. ఈ గొంగళి దాన్ని కూడా వదలదు.

మూడో జన్మ: ప్యూపా

మేత ముగిసే సమయానికి గొంగళి వీపు గోధుమ రంగుకు తిరుగుతుంది. తిండి మానేస్తుంది. కాండం మీదుగా నేలకు దిగి, చాలాసేపు అటూ ఇటూ పాకి, రాలిన ఆకుల కింద చోటు చూసుకుంటుంది. ఇలా దారిన పడ్డ గొంగళులే అపార్ట్‌మెంట్ పార్కింగుల్లో కార్ల కింద నలుగుతుంటాయి. చోటు దొరికాక కొద్దిపాటి దారంతో ఆకులను వదులుగా దగ్గరికి లాక్కుని చివరి తోలు విడుస్తుంది. లోపల లేత గోధుమ రంగు ప్యూపా మిగులుతుంది. కడుపు వైపు పొడవునా ఒక నల్ల గీత, పక్కల ఊపిరి రంధ్రాల దగ్గర నల్ల చుక్కలు దీని గుర్తులు. చిలగడదుంప హాక్ మాత్ ప్యూపాకు తొండం ఉండే తొడుగు ముందుకు వంగి కూజా పిడిలా పొడుచుకొస్తుంది. గన్నేరు హాక్ మాత్ ప్యూపాకు అలా ఉండదు, తొండం ఒంటికే అంటుకుని ఉంటుంది.

పట్టు పరిశ్రమ ఉన్న తెలుగునేలకు ఈ దశ కొత్తది కాదు. హిందూపురం మార్కెట్‌కు వచ్చే పట్టుగూళ్లలో ఉండేది ప్యూపాయే. మహదేవ్‌పూర్, చెన్నూరు అడవుల్లో దసలి పట్టు ఇచ్చేదీ మాత్ జాతి పురుగే. ప్యూపా లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడానికీ పట్టుపురుగే దారి చూపింది. అడాల్ఫ్ బుటెనాండ్ట్, పీటర్ కార్ల్‌సన్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు 1954లో 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి 25 మిల్లీగ్రాముల ఎక్డైసోన్ హార్మోన్‌ను స్ఫటికాలుగా వేరు చేశారు. తోలు విడవమని ఆదేశించేది ఆ హార్మోనే. దానితో పాటు ఒంట్లో జువెనైల్ హార్మోన్ కూడా ఉంటే విడిచిన తోలు కింద మరింత పెద్ద గొంగళి వస్తుంది. అది తగ్గిపోయినప్పుడు ప్యూపా, ఆ తర్వాత రెక్కల పురుగు వస్తాయి. గొంగళి కండరాలు చాలావరకు కరుగుతాయి. గొంగళిగా ఉన్నప్పుడే లోపల నిద్రాణంగా ఉన్న కణాల గుంపులు రెక్కలుగా, కళ్లుగా, కాళ్లుగా పెరుగుతాయి.

అంతా కరిగి కొత్తగా పుట్టినట్టేనా? 2008లో అమెరికా శాస్త్రవేత్తలు పొగాకు హాక్ మాత్ గొంగళులకు ఒక వాసన చూపిస్తూ చిన్న కరెంటు షాక్ ఇచ్చారు. ఆ వాసనంటేనే గొంగళులు తప్పుకోవడం నేర్చుకున్నాయి. ఐదో దశలో అలా నేర్చుకున్నవి రెక్కలొచ్చాక కూడా ఆ వాసనకు దూరంగా పోయాయి. మూడో దశలో నేర్చుకున్నవి మరిచిపోయాయి. ఒళ్లు మారినా మెదడులో కొంత భాగం పాత పాఠాన్ని మోసుకొచ్చిందన్నమాట. జన్మలు నాలుగైనా జీవితం ఒకటే అనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏం కావాలి?

నాలుగో జన్మ: రెక్కలు

వెచ్చటి వాతావరణంలో సుమారు రెండు వారాలకు ప్యూపా పగులుతుంది. బయటికొచ్చిన పురుగు ఏదైనా నిలువు ఆసరా ఎక్కి, ముడతలు పడ్డ రెక్కల్లోకి ఒంట్లోని ద్రవాన్ని నెడుతుంది. రెక్కలు సాగి, ఆరి, గట్టిపడాకే ఎగురుతుంది. గుడ్డు నుంచి ఇక్కడిదాకా నెలకు పైనే పడుతుంది.

ఎగరబోయే ముందు హాక్ మాత్ ఉన్నచోటే ఉండి రెక్కలు వణికిస్తుంది. ఎద కండరాలు తగినంత వేడెక్కితేనే దానికి ఎగిరే శక్తి వస్తుంది. గోడ మీది పురుగు రెక్కలు వణకడం మొదలైతే జబ్బుపడిందనుకోకండి, ప్రయాణానికి సిద్ధమవుతోంది. ఆ తర్వాత అది పూల ముందు గాలిలోనే నిలబడి, పూరేకు మీద వాలకుండా, పొడవాటి తొండం చాచి తేనె తాగుతుంది. సాయంత్రం విచ్చుకునే చంద్రకాంతలు, మల్లె, జాజి లాంటి సువాసన పూల దగ్గర మునిమాపు వేళ నిలబడి చూడండి.

అంత చీకట్లో పూలను ఎలా పోల్చుకుంటుంది? 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఎలిఫెంట్ హాక్ మాత్ అనే చుట్టం మీద ప్రయోగం చేసి, నక్షత్రాల వెలుతురులో కూడా అది రంగులను వేరు చేయగలదని చూపించారు. ఆ చీకట్లో మన కళ్లకు రంగులుండవు. గాలిలో నిలకడగా ఉండటానికి హాక్ మాత్‌కు మీసాలు కూడా కావాలి. మీసం మొదట్లో ఉండే జ్ఞానేంద్రియం ఒళ్లు ఎటు తిరుగుతోందో పసిగడుతుందని శాస్త్రవేత్త సంజయ్ సానే తన సహచరులతో కలిసి 2007లో 'సైన్స్' పత్రికలో చూపించారు. అప్పటి ప్రయోగం పొగాకు హాక్ మాత్ మీద జరిగింది. ఆ తర్వాత బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో ఆయన బృందం ఇదే ప్రశ్నలకు జవాబులు వెతకడానికి మన గన్నేరు హాక్ మాత్‌ను ఎంచుకుంది. మనం మందు కొట్టే పురుగు అక్కడ విమాన విద్య నేర్పే గురువు.

దీపాల సంగతికీ ఇందులో చోటుంది. పురుగులు వెలుగు మీద మోజుతో దీపం చుట్టూ తిరగవని 2024లో 'నేచర్ కమ్యూనికేషన్స్'లో వచ్చిన పరిశోధన తేల్చింది. రాత్రిపూట ఆకాశం నేల కన్నా కాస్త వెలుగ్గా ఉంటుంది. వెలుగుకు వీపు పెట్టి ఎగిరితే తలకిందులు కాకుండా ఉంటామన్నది కీటకాలకు అనాదిగా అబ్బిన లెక్క. పక్కనే బల్బు వెలిగితే ఆ లెక్క తప్పుతుంది. బల్బుకు వీపు తిప్పుతూ తిప్పుతూ అక్కడే చిక్కుకుంటాయి. ఆ ప్రయోగంలో ఈ వలలో పడకుండా దీపం మీదుగా నేరుగా ఎగిరిపోయిన కొద్ది కీటకాల్లో గన్నేరు హాక్ మాత్ ఒకటి.

ఈ రాత్రి ప్రయాణాల ఫలం మన పళ్లెం దాకా వస్తుంది. బొప్పాయిలో ఆడ చెట్లు, మగ చెట్లు వేరుగా ఉండే రకాలకు పుప్పొడి మోసేవాళ్లు కావాలి. ఆ పని ముఖ్యంగా హాక్ మాత్‌లే చేస్తున్నాయని కెన్యా తోటల్లో జరిగిన అధ్యయనం 2009లో చూపించింది. తోటకు దగ్గర్లో సహజమైన చెట్టూ చేమా ఉంటేనే అవి సరిపడా వస్తాయని కూడా చెప్పింది. బొప్పాయి ఎక్కువగా పండించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొలం గట్టు మీది కంచె విలువ ఎక్కడుందో ఇక్కడ తెలుస్తుంది.

అన్నీ ఒకటి కావు

మన దేశంలో మాత్ జాతులు పది వేలకు పైనే. సీతాకోకచిలుకల కన్నా ఇవి ఎన్నో రెట్లు ఎక్కువ. రైతుకు తెలిసినవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టదగ్గ కొన్ని. 2018లో దేశంలోకి వచ్చి మొక్కజొన్నను పీల్చి పిప్పి చేసిన కత్తెర పురుగు, పత్తి కాయలోకి దూరే గులాబీ రంగు పురుగు, వరిలో కాండం తొలిచే పురుగు. ఈ దెబ్బలు తిన్న రైతు గొంగళి కనబడితే మందు డబ్బా వెతకడంలో తప్పులేదు. చేను కూడు పెట్టాలి. కానీ కంచె చేను కాదు. మనం నెలకోసారి కత్తెరతో కొట్టే కొమ్మల్లో కాసిన్ని గొంగళి తింటుంది. నందివర్ధనం, గన్నేరు మొండి మొక్కలు, వాన పడితే మళ్లీ చిగురేస్తాయి.

కంచెలో, పెరట్లో కనిపించే మరికొన్నిటిని పొరబడకుండా చూడాలి:

గన్నేరు ఆకు మీదే ఉండి, ఒంటి మీద పొడవాటి నల్లటి మెత్తని పోగులు ఆడిస్తూ కనిపించేది కామన్ క్రో సీతాకోకచిలుక గొంగళి. దాని ప్యూపా వెండి మెరుపుతో ఆకు కింద వేలాడుతుంది.

నువ్వు చేలో కనిపించే లావాటి గొంగళి, వీపు మీద పుర్రె గుర్తున్న డెత్స్‌హెడ్ హాక్ మాత్‌ది కావచ్చు. ఆ రెక్కల పురుగు తేనెపట్టులోకి దూరి తేనె తాగుతుంది.

చేమ ఆకు మీద, కాశీతుమ్మ మీద ఒళ్లంతా వరుసగా కళ్ల మచ్చలున్న ముదురు రంగు గొంగళి థెరెట్రా జాతిది.

అద్దంలాంటి రెక్కలతో పట్టపగలు పూల దగ్గర నిలబడేది కాఫీ బీ హాక్ మాత్.

పెంచి చూడాలంటే

నాలుగు జన్మలూ కళ్లారా చూడటానికి ల్యాబ్ అక్కర్లేదు. వెడల్పాటి సీసా లేదా ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, మూతకు బదులు పల్చటి గుడ్డ కట్టండి. గొంగళి ఏ మొక్క మీద దొరికిందో ఆ మొక్క ఆకులే రోజూ తాజాగా పెట్టండి. నందివర్ధనం మీద దొరికినదాన్ని మధ్యలో గన్నేరుకు మార్చకండి. మందు కొట్టిన మొక్క ఆకు అసలు వద్దు. పెంటికలు రోజూ తీసేయండి, తేమ చేరితే బూజు పడుతుంది. వీపు గోధుమ రంగుకు తిరగగానే అడుగున నాలుగు వేళ్ల మందం వదులు మట్టి, పైన ఎండుటాకులు వేయండి. ఆ తర్వాత ప్యూపాను కదపకండి. ఎక్కి రెక్కలు ఆరబెట్టుకోవడానికి ఒక గరుకు పుల్ల నిలబెట్టండి.

గన్నేరు కొమ్మ తుంచాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవకండి. చిన్నపిల్లలకు ఆ ఆకులు అందనివ్వకండి. రెక్కలు ఆరిన రాత్రే దాన్ని బయట వదిలేయండి. కొన్నిసార్లు ప్యూపా నుంచి రెక్కల పురుగుకు బదులు ఈగలు బయటికొస్తాయి. నిరాశ పడకండి. గొంగళి ఒంట్లో పెరిగే టాకినిడ్ ఈగలు అవి. అలాంటి ఈగల వల్ల కూడా పొలంలో గొంగళులు అదుపులో ఉంటాయి. తేదీలు, ఆకు పేరు, దశల ఫొటోలు ఒక నోటుపుస్తకంలో దాచుకుంటే అదే మంచి పరిశోధన. ఏటా జులై చివర్లో జరిగే నేషనల్ మాత్ వీక్‌లో మన దేశం నుంచి పాల్గొనేవాళ్లు నమోదు చేసేది ఇలాంటి సంగతులే.

కంచెను ఇలా చూసుకుందాం

ఈ నాలుగు జన్మల్లో ప్రతి ఒక్కటీ కంచెలో వేరువేరు చోట గడుస్తుంది. గుడ్డుకు లేత చిగురు కావాలి. గొంగళికి మందు పడని ఆకు కావాలి. ప్యూపాకు ఊడ్చని నేల కావాలి. రెక్కల పురుగుకు సాయంత్రం విచ్చుకునే పూలు కావాలి. ఒక్కటి తెగినా వరుస తెగుతుంది. మనం మందు గురించే మాట్లాడుకుంటాం కానీ శుభ్రత పేరుతో కంచె కింద ప్రతి ఆకునూ ఊడ్చి తగలబెట్టడం కూడా అంతే నష్టం. ఆ కుప్పల్లో ప్యూపాలుంటాయి.

చేయాల్సినవి పెద్ద పనులు కావు. కంచె మొత్తం ఒకేసారి కత్తిరించకుండా సగం ఈ నెల, సగం వచ్చే నెల కత్తిరించండి. చిగురు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఉంటుంది. కంచె మొదట్లో రెండడుగుల వెడల్పున రాలిన ఆకులను వదిలేయండి, అవి మట్టికి ఎరువు కూడా. గన్నేరు చిగుళ్లకు పసుపు రంగు పేనుబంక పట్టిందని మందు కొడితే గొంగళులూ పోతాయి, వేపనూనె అయినా అంతే. పైపుతో నీళ్లు గట్టిగా కొడితే పేనుబంక చాలావరకు రాలిపోతుంది. గేటు దగ్గర అందం కోసం పెంచిన మొక్క మీద గొంగళి ఉండటం ఇష్టం లేకపోతే ఆకుతో సహా తీసి వెనక వరుసలోని అదే రకం మొక్క మీద పెట్టండి. కంచె పక్కన నాలుగు చంద్రకాంత గింజలు చల్లండి.

అపార్ట్‌మెంట్ సంఘం తదుపరి సమావేశంలో మందు కొట్టే కాంట్రాక్టు గురించి మాట వచ్చినప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడగండి: "ఏ పురుగుకండీ?" పేరు చెప్పలేని పురుగుకు మందు కొట్టకూడదన్న చిన్న నియమం పెట్టుకుంటే చాలు. తోటమాలి ఆకు తిప్పి చూస్తాడు, పిల్లలు పేరు వెతుకుతారు, పెద్దలు ఆలోచిస్తారు. కంచె ఇంటికి హద్దు మాత్రమే కాదు, అందులో ఇంకొకరి ఇల్లు కూడా ఉందని ఆ ప్రశ్నతోనే తెలుస్తుంది.